సంస్కారం, ఉద్బోధకం, ఇంటి కంప్యూటర్: పియానో ట్యూనర్ స్మృతిని గురించి ఒక విచారం

ఒకరు చూసినదాన్ని మరొకరు స్మరించలేరన్న లోకానుభవాన్ని ఆధారం చేసుకుని నైయాయికులు, అంటే గౌతముడి న్యాయసూత్రాలను అనుసరించి తర్కమార్గంలో తత్త్వనిర్ణయం చేసిన దార్శనికులు, స్థిరమైన ఆత్మ ఒకటి ఉండితీరాలన్న సిద్ధాంతాన్ని నిలబెట్టారు. చూసినవాడూ స్మరించేవాడూ ఒక్కడే కాకపోతే నిన్నటి అనుభవం నేటి స్మృతికి కారణం కావడం కుదరదని వారి వాదం. అనుభవం కలగడం, దాని ముద్ర మిగలడం, ఆ ముద్ర మేల్కొని స్మృతి కావడం అనే ఈ మూడు దశలలో నడిమిది మనిషిని విడిచి ఒక యంత్రంలోకి తరలిపోతే ఏమవుతుందని ప్రాచీనులు విచారించవలసిన అవసరం రాలేదు. 1970ల చివరలో అమెరికా ఇళ్లలోకి కంప్యూటర్ ప్రవేశించాక ఆ విచారం చాలా మామూలు వృత్తులలోనే అవసరమైంది. ఇంటింటికీ తిరిగి పియానోలను శ్రుతి చేసి, బాగుచేసే ట్యూనర్ వృత్తి వాటిలో ఒకటి; ఇక్కడ దానినే ఎంచుకోవడానికి కారణం, స్మృతికి మూలమని న్యాయదర్శనమూ దానికి తోడైన వైశేషిక దర్శనమూ చెప్పే సంస్కారం అనే గుణం, ఆ శాస్త్రాలు వర్ణించిన మూడు రూపాలతోనూ, పియానో ఉన్న గదిలో ఒక్కచోట కనిపించడమే.

వీణను వాయించేవారే దానిని శ్రుతి చేసుకుంటారు కాబట్టి తెలుగుదేశంలో శ్రుతి చేయడమే జీవనోపాధిగా ఒక వృత్తి పెద్దగా ఏర్పడలేదు. పియానో సంగతి వేరు. సాధారణమైన పియానోలో 88 మెట్లకు, అంటే వేలితో నొక్కే మీటలకు, దాదాపు 230 ఉక్కు తీగలు ఉంటాయి; అట్టడుగు మంద్రంలో మెట్టుకు ఒకటి, ఆపైన రెండు, ఎక్కువ భాగం మెట్లకు మూడేసి చొప్పున అమర్చిన ఈ తీగలన్నీ కలిసి పోత ఇనుప చట్రం మీద మోపే బిగువు సుమారు 18 నుంచి 20 టన్నుల దాకా ఉంటుంది. ఒక్కొక్క తీగా ఒక్కొక్క ఉక్కు బిరడాకు చుట్టి ఉంటుంది, ఆ బిరడా చెక్కదిమ్మలో కేవలం రాపిడి బలంతో నిలుస్తుంది. మధ్యస్థాయిలోని ఒక స్వరాన్ని సెకనుకు 440 కంపనాలకు నిలిపి, స్థాయిని పన్నెండు సమానమైన అరస్వరాలుగా పంచి, అరస్వరంలో నూరో వంతును సెంటు అనే కొలతగా పెట్టుకుని ట్యూనర్ పని చేస్తాడు. సహజమైన షడ్జ పంచమాల దూరం దాదాపు 702 సెంట్లు కాగా పియానోలో అది 700. అంటే ప్రతి పంచమాన్నీ ఎంత తగ్గించాలో తెలిసి తగ్గించడమే ఈ విద్యలోని మెళకువ. అంత శ్రమపడి నిలిపినది నిలవదు. స్ప్రూస్ కలపతో చేసిన నాదఫలకం, అంటే తీగల కంపనాన్ని గాలికి అందించే పలచని చెక్క, వేసవి తేమకు ఉబ్బి శ్రుతిని పైకి లేపుతుంది, చలికాలంలో ఇళ్లను వేడిచేసినప్పుడు ఎండి కిందికి దించుతుంది. ఆదివారం నాడు మాత్రమే వేడిచేసే చర్చిలోని పియానో అవస్థ మరీ కష్టం.

అందువల్ల ఈ వృత్తి తిరిగి వెళ్లడం మీద ఆధారపడింది. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ అదే ఇంటికి, అదే వాద్యం దగ్గరకు వెళ్లాలి, వెళ్లినప్పుడు కిందటిసారి ఎలా ఉన్నదో తెలిసి ఉండాలి. వందలాది ఇళ్ల సంగతులు ఒక మనిషి తలలో ఇమడవు కాబట్టి ట్యూనర్లు చాలాకాలం చిన్న అట్టకార్డులను ఒక పెట్టెలో అక్షరక్రమంలో సర్దుకునేవారు. 1977లో ఆపిల్ 2, 1981లో ఐబీఎం పీసీ వచ్చాక, ముఖ్యంగా 1979లో విడుదలైన విసికాల్క్ వంటి లెక్కలపట్టిక ప్రోగ్రాములు చిన్న వ్యాపారులకు కంప్యూటర్ ఉపయోగాన్ని చూపించాక, ఆ పెట్టెలోని సమాచారం క్రమంగా ఫ్లాపీ డిస్కుల మీదికి చేరింది. యజమాని పేరు, చిరునామా, పియానో తయారీదారు, తయారైన సంవత్సరాన్ని తెలుసుకోవడానికి పనికివచ్చే క్రమసంఖ్య, వెళ్లేసరికి శ్రుతి ఎన్ని సెంట్లు దిగి ఉన్నదో, గదిలో తేమ ఎంతో, చేసిన మరమ్మతు, తీసుకున్న రుసుము, వీటితోపాటు వెనక గుమ్మం నుంచి రావాలనో, కుక్క పేరు ఫలానా అనో ఒక చిన్న వాక్యం: దాదాపు ఇంతే అందులో ఉండేది. నెల మొదట గడువు వచ్చిన ఇళ్ల జాబితాను కంప్యూటర్ ఏరి ఇస్తే, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ చిరునామా చీటీలను అచ్చువేస్తే, జ్ఞాపికా కార్డులు టపాలో వెళ్లేవి. లెక్కలూ బిల్లులూ పన్నుల పద్దులూ కూడా అక్కడే నడిచాయి గాని, తత్త్వవిచారానికి వాటిలో పెద్ద విషయం లేదు.

పదిహేడో శతాబ్దానికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు, తర్కశాస్త్రంలో ప్రవేశించేవారికి ఈనాటికీ మొదటి పాఠంగా ఉన్న తర్కసంగ్రహంలో, గుణాలను ఒక్కొక్కటిగా వివరిస్తూ చివర సంస్కారాన్ని మూడు విధాలుగా విభజించాడు. మొదటిది వేగం, అది పృథివి, జలం, తేజస్సు, వాయువు, మనస్సు అనే ద్రవ్యాలలో ఉంటుంది. రెండవది భావన; అనుభవం వల్ల పుట్టి స్మృతికి కారణమయ్యే ఈ ముద్ర ఆత్మలో తప్ప మరెక్కడా ఉండదు. మూడవది స్థితిస్థాపకం, వంచినదాన్ని, చుట్టినదాన్ని తిరిగి పూర్వస్థితికి తెచ్చే గుణం అది, దానికి చాప వంటివి ఉదాహరణలు. కదలికనూ జ్ఞాపకాన్నీ చాప విప్పుకోవడాన్నీ ఒకే పేరు కింద చేర్చడం ఆధునిక పాఠకుడికి వింతగా తోచవచ్చు. కాని ముగిసిపోయిన ఒక సంఘటన తన తరవాత కూడా పనిచేస్తూ ఉండడానికి ఒక ఆధారం కావాలన్నది ఈ మూడింటికీ సామాన్యమైన అవసరం, ఆ అవసరాన్ని గుర్తించడంలో వైశేషికుల సూక్ష్మదృష్టి కనిపిస్తుంది.

పియానో ఉన్న గదిలో ఈ మూడూ స్పష్టంగానే ఉన్నాయి. మెట్టును నొక్కినప్పుడు లేచే ఉన్నిసుత్తి తీగకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో యంత్రాంగం నుంచి విడిపోయి, మిగిలిన దూరాన్ని తనంత తాను వెళుతుంది. అక్కడ పనిచేసేది వేగం ఒక్కటే. బిగించిన ఉక్కు తీగ పక్కకు జరిగి మళ్లీ మునుపటి చోటికి రావడం స్థితిస్థాపకం. చాలా దిగిపోయిన పియానోను ఒక్కసారిగా పైకి బిగిస్తే, తరవాతి తీగల బిగువుకు చట్రమూ నాదఫలకమూ వంగి ముందు బిగించినవి దిగిపోతాయి కాబట్టి, తప్పిన దూరంలో దాదాపు నాలుగో వంతు అదనంగా బిగించి వదలడం ట్యూనర్ల ఆచారం. అలా దిగిపోవడాన్ని చూసి కొందరు పియానోకు పాత శ్రుతి జ్ఞాపకం ఉంటుందని చెబుతారు. అన్నంభట్టు విభాగం ప్రకారం ఆ మాట సరికాదు. అక్కడ ఉన్నది బిగువుకూ వంగుడుకూ సంబంధించిన వ్యవహారమే గాని భావన కాదు, ఎందుకంటే భావన ఉండే చోటు ఆత్మ, అది ఆ గదిలో ట్యూనర్‌కు మాత్రమే ఉన్నది, పియానో యజమాని కూడా పక్కనే ఉంటే ఇద్దరికి ఉన్నది. మరి ఇంట్లో బల్ల మీద ఉన్న కంప్యూటర్‌లో, అయస్కాంతపు చుక్కలుగా నిలిచిన ఆ వందలాది ఇళ్ల వివరాలు ఈ మూడింటిలో దేని కిందికి వస్తాయి?

అవి వేగం కావు, పూర్వస్థితికి లాగే గుణమూ కావు. వాటిని భావన అనడానికి కంప్యూటర్‌కు ఆత్మను ఒప్పుకోవలసి వస్తుంది. న్యాయశాస్త్రమే ఇందుకు మరొక స్థానాన్ని సిద్ధంగా ఉంచింది. సంస్కారం ఉన్నంత మాత్రాన స్మృతి నిరంతరం కలుగుతూ ఉండదు, దానిని మేల్కొలిపేది ఒకటి కావాలి. అలా మేల్కొలిపేదానికి ఉద్బోధకం అని పేరు. న్యాయసూత్రాల మూడో అధ్యాయంలో ఇరవైకి పైగా ఉద్బోధకాల జాబితా ఉన్నది: ప్రణిధానం, అంటే స్మరించాలన్న కోరికతో మనస్సును ఒకచోట నిలపడం, మొదటిది; అభ్యాసం, గుర్తు, పోలిక, యజమానికీ సొత్తుకూ ఉన్న సంబంధం, వియోగం, సుఖదుఃఖాలు, భయం, అర్థిత్వం (ఏదైనా కావలసి ఉండడం), చివరకు ధర్మాధర్మాలు కూడా అందులో చేరాయి. తాత్పర్యం ఏమంటే, మనిషి స్మృతి ఎన్నడూ తనంత తానుగా పనిచేయలేదు. ఎప్పుడూ ఏదో ఒక ఉద్బోధకం సాయంతోనే మేల్కొన్నది. నెల మొదట తెర మీద కనిపించే పేరు ఆ జాబితాలోకి ఇబ్బంది లేకుండా చేరే మరొక ఉద్బోధకం మాత్రమే. కంప్యూటర్ గుర్తుచేస్తేనే గుర్తుకు వచ్చిందన్న కారణంతో ఆ స్మృతిని తక్కువ చేయాలంటే, పూల వాసన తగిలితే గుర్తుకు వచ్చినవాటిని కూడా తక్కువ చేయవలసి వస్తుంది.

అయితే మేల్కొలపడానికి లోపల నిద్రిస్తున్నది ఒకటి ఉండాలి. ఇక్కడే అసలు చిక్కు ఉన్నది, దానిని విప్పడానికి వైశేషిక దర్శనానికి పదార్థధర్మసంగ్రహాన్ని రచించిన ప్రశస్తపాదుడు పనికివస్తాడు. భావన గాఢంగా ఏర్పడడానికి అతడు మూడు కారణాలు చెప్పాడు. ఒకటి పటుత్వం, అంటే అనుభవం తీవ్రంగా, ఆశ్చర్యకరంగా ఉండడం. దీనికి అతడిచ్చిన ఉదాహరణ దక్షిణదేశంవాడు ఒంటెను చూడడం. (ఒంటెను చూసి నోరు తెరిచిన ఆ దాక్షిణాత్యుడు తెలుగువాడే అయి ఉండవచ్చునని ఊహించుకోవడానికి శాస్త్రంలో అడ్డు ఏదీ లేదు.) రెండవది అభ్యాసం, విద్యలూ శిల్పాలూ వ్యాయామమూ మళ్లీ మళ్లీ చేయడం వల్ల నాటుకుంటాయి. మూడవది ఆదరం, అపూర్వమైనదాన్ని చూడాలని ప్రయత్నపూర్వకంగా మనస్సును నిలిపి చూడడం, దేవసరస్సులో వెండి బంగారు పద్మాలను చూడబోయినవాడి చూపు వంటిది. ట్యూనర్ దినచర్యలో పటుత్వానికి అవకాశం తక్కువ. ఒక పియానో మరొక పియానో వలెనే ఉంటుంది, రోజుకు మూడు నాలుగు ఇళ్లు తిరిగేవాడికి ఒంటెలు అరుదుగా ఎదురవుతాయి. అభ్యాసం చేతికీ చెవికీ శిక్షణ ఇస్తుంది, కాని ఫలానా ఇంటిని, ఫలానా పియానోను విడిగా గుర్తుంచదు. పైగా అభ్యాసం ముదిరేకొద్దీ విశేషాలు సామాన్యంలో కరిగిపోతాయి. మిగిలేది ఆదరమే. ఈ బిరడా వదులుగా ఉన్నదని, ఈ మెట్టు తేమ రోజులలో అతుక్కుంటున్నదని, ఈ ఇంటి పిల్లవాడు కిందటి ఏడు వాయించినంత ఇప్పుడు వాయించడం లేదని గమనించిన చూపు మాత్రమే సంస్కారాన్ని మిగులుస్తుంది. అటువంటి చూపు లేకుండా నమోదైన వివరాన్ని ఏడాది తరవాత కంప్యూటర్ ఎంత కచ్చితంగా చూపించినా అది ఏదీ మేల్కొలపదు.

లేఖనం స్మృతిని చెడగొడుతుందన్న ఆక్షేపణ కొత్తది కాదు. ప్లేటో ఫీడ్రస్ సంభాషణలో ఈజిప్టు రాజు నోట దానిని పలికించాడు. వేదోచ్చారణను నేర్పే గ్రంథమైన పాణినీయ శిక్ష అధములైన పాఠకులను ఆరుగురిని లెక్కించి, రాసినదాన్ని చూసి చదివేవాడిని అందులో చేర్చింది. ఆ శిక్షాకారుడి కోపానికి వేదపాఠం విషయంలో న్యాయం ఉన్నది, ఎందుకంటే అక్కడ కంఠస్థం కావడమే విద్య. పియానో క్రమసంఖ్యను కంఠస్థం చేయడం వల్ల ఎవరికీ ఏ పుణ్యమూ రాదు. కాబట్టి ఆక్షేపణను ఉన్నది ఉన్నట్టుగా ఈ వృత్తికి వర్తింపజేయడం అనుచితం. ఏది రాసిపెట్టుకోదగినది, ఏది మనస్సులోనే ఉండదగినది అని విడదీయడం దానికంటే కష్టమైన పని.

1998లో ఆండీ క్లార్క్, డేవిడ్ చాల్మర్స్ అనే తాత్త్వికులు మనస్సు కపాలం దగ్గర ఆగదని, వెలుపలి వస్తువుల్లోకి విస్తరిస్తుందని ఒక వ్యాసంలో వాదించారు. మతిమరుపు వ్యాధి ఉన్న ఓటో అనే కల్పిత వ్యక్తి న్యూయార్క్‌లోని మ్యూజియం చిరునామాను తన నోటుపుస్తకంలో చూసుకుని వెళతాడు; ఇంగా అనే మరొకరు తలచుకుని వెళుతుంది; ఇద్దరి విషయంలోనూ ఆ చిరునామా వారి విశ్వాసంలో భాగమేనని వారి నిర్ణయం. అయితే నోటుపుస్తకం ఎప్పుడూ వెంట ఉండాలి, సులభంగా అందాలి, అందులో ఉన్నదాన్ని సంశయం లేకుండా స్వీకరించాలి అని వారు షరతులు పెట్టారు. ఈ వాదాన్ని నైయాయికుడు ఒప్పుకోడు, ఆత్మగుణమైన భావనను కాగితానికి అంటగట్టడం అతడికి కుదరదు. కాని ఆ వివాదం తేలకముందే గమనించవలసిన లౌకికమైన విషయం ఒకటి ఉన్నది: 1980ల నాటి ఇంటి కంప్యూటర్ మొదటి షరతుకే తప్పిపోతుంది. అది ఇంట్లో ఉంటుంది, పియానో ఊరి అవతల ఇంకొకరి ఇంట్లో ఉంటుంది. ముందురోజు రాత్రి తెర మీద చదివినదాన్నో, అచ్చువేసుకున్న కాగితంలో చూసినదాన్నో మర్నాడు కారులో వెళుతూ ట్యూనర్ తన మనస్సులోనే మోసుకుపోవాలి. ఆ రాత్రి చదవడమే ఒక కొత్త అనుభవం, దానికి ఒక కొత్త సంస్కారం. గుమ్మంలో అడుగుపెట్టి పియానో మెట్ల మీద చేయి వేసినప్పుడు కలిగే ‘ఇది ఆ పియానోయే’ అన్న జ్ఞానాన్ని శాస్త్రం ప్రత్యభిజ్ఞ అంటుంది, అంటే సంస్కారం తోడుగా కలిగే ప్రత్యక్షం. యంత్రం దూరంగా ఉండడం అసౌకర్యమే అయినా, స్మృతి మనిషి గుండానే నడవక తప్పని పరిస్థితిని ఆ అసౌకర్యమే కల్పించింది. 1990లలో ల్యాప్‌టాప్‌ల మీద, తరవాత ఫోన్ల మీద నడిచే ట్యూనింగ్ ప్రోగ్రాములు వచ్చాక ఈ దూరం పోయింది. తీగ గట్టిదనం వల్ల దాని ఉపస్వరాలు లెక్క ప్రకారం ఉండవలసిన చోటికంటే కాస్త పైన పలుకుతాయి, ఆ తేడా ఒక్కొక్క పియానోలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. దానిని కొలిచి, ఆ పియానోకే సరిపోయే శ్రుతిరేఖను దాచి, ఏడాది తరవాత అక్కడికక్కడే తిరిగి చూపించడం వాటికి సాధ్యమైంది. పని మెరుగుపడింది, సందేహం లేదు. కాని ప్రత్యభిజ్ఞ చోటును తెర మీది వరస ఆక్రమించింది.

కుక్క పేరు విషయం దీనికంటే సున్నితమైనది. ఏడాది తరవాత వచ్చిన ట్యూనర్ కుక్కను పేరుపెట్టి పిలిస్తే ఇంటివారు సంతోషిస్తారు. ఆ పేరు ముందురోజు రాత్రి కంప్యూటర్‌లో కనిపించిందని తెలిస్తే ఆ సంతోషం కొంత తగ్గుతుంది. అందులో మోసం ఉన్నదా? ఇజ్రాయెల్ తాత్త్వికుడు అవిషాయ్ మార్గలిత్ 2002లో ప్రచురించిన స్మృతినీతి గ్రంథంలో, తన కింద పనిచేసి మరణించిన సైనికుడి పేరు గుర్తులేని ఒక సైన్యాధికారి ఉదంతాన్ని ఎత్తుకుని, ఆత్మీయమైన గాఢసంబంధాలలో గుర్తుంచుకోవడం ఒక బాధ్యత అవుతుందని, కేవలం మనుషులమన్న బంధమే ఉన్న పలచని సంబంధాలలో సాధారణంగా అటువంటి బాధ్యత ఉండదని విభజించాడు. ట్యూనర్‌కూ ఇంటివారికీ ఉన్న సంబంధం ఈ రెండింటిలో దేనిలోనూ సరిగా ఇమడదు: ఏడాదికి రెండు గంటలే అయినా ఇరవై ఏళ్లపాటు, ఇంటి లోపలి గదిలో, చాలాసార్లు కుటుంబంలోని చావుపుట్టుకలు తెలిసేంత దగ్గరగా సాగే సంబంధం అది. అక్కడ అన్నీ తనంత తానుగా గుర్తుండాలని కోరడం అన్యాయం. గుర్తు లేకపోయినా గుర్తున్నట్టు నటించడం, ఆ నటనతో రుసుము పెంచుకోవడం మోసమే. వీటి నడుమ, పేరు రాసుకోవడానికి పూనుకోవడమే ఆదరానికి ఒక గుర్తు. మరచిపోతానేమోనన్న భయం ఉన్నవాడే రాసుకుంటాడు, లెక్కచేయనివాడికి ఆ భయం ఉండదు. కనుక మోసమా కాదా అన్నది రాసిన క్షణంలోని ఉద్దేశాన్ని బట్టి తేలవలసినదే గాని చదివిన క్షణాన్ని బట్టి కాదు. ఆ ఉద్దేశాన్ని కంప్యూటర్ చూపించలేదు, బహుశా ట్యూనర్ కూడా ఏళ్ల తరవాత ఖచ్చితంగా చెప్పలేడు.

ఈ చిక్కు అంతా ఒకచోట తేటపడే సందర్భం వ్యాపారం చేతులు మారడం. వయసు మళ్లిన ట్యూనర్ తన వృత్తిని మరొకరికి అమ్మేటప్పుడు పనిముట్ల విలువ కొద్దిపాటిది. అసలు సొత్తు ఆ ఇళ్ల జాబితా. కొన్నవాడు డిస్కును తన కంప్యూటర్‌లో పెట్టుకుంటే అవే అక్షరాలు, అవే తేదీలు అతడికీ కనిపిస్తాయి. బౌద్ధులు స్థిరమైన ఆత్మను ఒప్పుకోరు, కాబట్టి దేవదత్తుడు అనే ఒకడు చూసినది యజ్ఞదత్తుడు అనే మరొకడు ఎందుకు స్మరించడన్న ప్రశ్నకు బౌద్ధాచార్యుడు వసుబంధువు అభిధర్మకోశం చివరి భాగంలో మరో విధంగా సమాధానం చెప్పాడు: ఆ ఇద్దరి చిత్తప్రవాహాలకు మధ్య కార్యకారణ సంబంధం లేదు, ఉన్నచోట మాత్రమే స్మృతి పుడుతుంది. ఆ మాటను కొంచెం సాగదీస్తే, డిస్కు ద్వారా పాత ట్యూనర్ అనుభవం కొత్త ట్యూనర్ చిత్తానికి కారణం అవుతున్నది గదా, అదీ ఒక విధమైన స్మృతే అని వాదించడానికి వీలున్నట్టు కనిపిస్తుంది. కాని కారణం కావడం వేరు, ఒకే ప్రవాహంలో కారణం కావడం వేరు. గురువు మాట శిష్యుడిలో జ్ఞానాన్ని పుట్టిస్తే దానిని ఎవరూ శిష్యుడి స్మృతి అనరు. ఈ విషయంలో నైయాయికుడూ బౌద్ధుడూ వేర్వేరు దారులలో ఒకేచోటికి వస్తారు. న్యాయపరిభాషలో కొత్త ట్యూనర్‌కు డిస్కు ఇస్తున్నది శబ్దప్రమాణం, అంటే నమ్మదగిన వ్యక్తి మాట అనే జ్ఞానసాధనం; పాత ట్యూనర్‌కు ఉద్బోధకంగా పనిచేసిన వాక్యమే అతడికి ఆప్తవాక్యం అవుతున్నది.

ఇక్కడి నుంచి వెనక్కి తిరిగి చూస్తే పాత ట్యూనర్ పరిస్థితి కూడా అనుకున్నంత భిన్నమైనది కాదని తేలుతుంది. పన్నెండేళ్ల కిందట తానే రాసుకున్న వాక్యాన్ని చదివి, ఆ ఇల్లు ఎక్కడో, ఆ పియానో ఏదో లవలేశమైనా తోచనప్పుడు, సంస్కారం పూర్తిగా నశించింది కాబట్టి, అతడు కూడా స్మరించడం లేదు. తన పూర్వరూపాన్ని ఆప్తుడిగా నమ్ముతున్నాడు. ఆప్తుడికి శాస్త్రం చెప్పిన లక్షణం విషయాన్ని ఉన్నదున్నట్టు తెలుసుకోవడం, తెలుసుకున్నదాన్ని అట్లాగే తెలియజేయాలని కోరడం. అలసటతో సాయంత్రం చేరి, తేమ కొలవకుండానే ఒక అంకె వేసినవాడు, పదిహేను సెంట్లు దిగి ఉన్నదాన్ని తన కిందటి పనికి అప్రతిష్ఠ అని ఐదుగా నమోదు చేసినవాడు ఆ లక్షణాన్ని తప్పుతాడు, మోసపోయేది కాలాంతరంలో తానే. స్మృతిని యథార్థం, అయథార్థం అని అన్నంభట్టు రెండుగా విభజించి, యథార్థానుభవం నుంచి పుట్టినది యథార్థమని, తప్పు అనుభవం నుంచి పుట్టినది అయథార్థమని చెప్పిన మాట కంప్యూటర్ నమోదుకు మరింత కఠినంగా వర్తిస్తుంది. మనిషి మరపుతో కొన్ని తప్పులైనా చెరిగిపోతాయి, డిస్కులో అవి చెరగవు.

ఇక ఆ నమోదులోని తేదీ సంగతి. ఆరు నెలల గడువు పంచాంగానికి సంబంధించినది, పియానోకు సంబంధించినది కాదు; వానలు ముందే పట్టిన ఏడు నాదఫలకం ముందే ఉబ్బుతుంది, గడువు ఇంకా ఉన్నదని కంప్యూటర్ ఊరుకుంటుంది. జాబితాను కొన్న కొత్త ట్యూనర్ మొదటిసారి ఆ ఇంటికి వెళ్లినప్పుడు, డిస్కు చెప్పిన అంకెను ముందుగా చూడకుండా, శ్రుతిని తానే కొలిచి, ఆ తరవాత రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చూడడం మేలు. తేడా కనిపిస్తే అది వాతావరణానిదో, పాత ట్యూనర్ చేతిదో, రాతదో నిర్ణయించడానికి అతడు ఆ పియానో ముందు చాలాసేపే కూర్చోవలసి ఉంటుంది.